కానుపు కారుకు పడవ తలుపులు

ఈమధ్య మా వీధి కుర్రాళ్లు పాత కార్ల ఫొటోలు ఫోన్లలో చూపించి, "తాతా, ఇది ఎప్పటిది? దీన్ని మళ్లీ నడిపించగలమా?" అని అడుగుతున్నారు. జీవితమంతా గ్యారేజీల్లో చేతులు నల్లగా చేసుకున్నవాణ్ణి కదా, నాకు అన్నీ తెలుసని వాళ్ల నమ్మకం. మొదటి ప్రశ్నకు జవాబు చెప్పేస్తాను. రెండో ప్రశ్నకు మాత్రం కాస్త ఆగుతాను. ఎందుకంటే ఇరవై మూడేళ్ల వయసులో ఒకసారి ఆగకుండా, ఆలోచించకుండా, "నడిపిస్తాను" అని నోరు జారాను. ఆ తర్వాత నాలుగు నెలలు నాకు అన్నం సహించలేదు, నిద్ర పట్టలేదు. కానీ నా ఉద్యోగ జీవితంలో అంత సంతోషంగా ఇంకెప్పుడూ లేను.

ఆ కారు సంగతే చెప్తాను. పేర్లు చెప్పను. కొందరు పోయారు. ఉన్నవాళ్లు చదివితే ఎవరి వంతు వాళ్లకే తెలుస్తుంది.

స్టీలు ప్లాంటు ఇంకా పునాదిరాయి దగ్గరే ఉన్న రోజులవి. ద్వారకా నగర్‌లో ఇళ్లకన్నా ఖాళీ జాగాలే ఎక్కువ. ఆ ఖాళీల్లో ఒకచోట రేకుల షెడ్డు, అదే మా గ్యారేజీ. మాది సబ్బవరం దగ్గర పల్లె. మా నాన్న దుక్కి మనిషి. నాగలి కర్రు అరిగినప్పుడల్లా కమ్మరి దగ్గరకు నన్నే పంపేవాడు. ఆ కొలిమి ముందు నిలబడి నిలబడి నాకు ఇనుము మీద మోజు పుట్టింది. పట్నం వచ్చి గ్యారేజీలో చేరాక ఆ మోజు కాస్తా పాత కార్ల మీదకు మళ్లింది. ఓడల మీద వచ్చే నావికులు చదివి పడేసిన ఇంగ్లీషు పత్రికలు పూర్ణా మార్కెట్ దగ్గర పేవ్‌మెంటు మీద అమ్మేవారు. అందులో కార్ల బొమ్మలు కత్తిరించి నా రేకు పెట్టె మూత లోపల అంటించుకున్నాను. గదిలో ఉన్న మిగతా ముగ్గురూ సినిమా తారల బొమ్మలు అంటించుకుంటే నాది ఈ పిచ్చి. "వీడికి పెళ్లి సంబంధం చూడాలంటే పిల్లకి హెడ్‌లైట్లు ఉండాలిరా" అని ఏడిపించేవారు.

మా మేస్త్రిది తగరపువలస. యాభై దాటిన మనిషి. ఇంజను శబ్దం విని జబ్బేమిటో చెప్పేవాడు. మనిషి మాత్రం ముల్లులాంటివాడు. పని బాగుంటే ఏమీ అనడు, బాగోకపోతే ఊరంతా వినేలా అంటాడు.

ఒకరోజు ఒక బ్యాంకు ఆఫీసరు గారి స్కూటరు బాగుచేయడానికి నన్ను మహారాణిపేటలో ఆయన ఇంటికి పంపాడు. ఆ ఇల్లు ఆయన మేనత్తది. ఆవిడ డాక్టరు. పట్నంలో ఆడ డాక్టర్లు అరుదుగా ఉన్న రోజుల్లో ప్రాక్టీసు పెట్టి, సగం ఊరికి పురుళ్లు పోసిన మనిషి. పెళ్లి చేసుకోలేదు. అప్పటికి డెబ్భై దాటాయి. ప్రాక్టీసు మానేసి, మేనల్లుడి కుటుంబంతో ఉండేది.

స్కూటరు పని అయిపోయి చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లాను. అక్కడ పాత షెడ్డులో గోనెసంచుల కింద ఏదో ఉంది. పైన ఒక కోడి గుడ్లు పొదుగుతోంది. సంచి ఎత్తి చూద్దును కదా, గుండ్రటి హెడ్‌లైట్లు, పొడుగాటి ముక్కు, ఊచల చక్రాలు. నా పెట్టె మూత మీద ఉన్న బొమ్మ! నేను పుట్టడానికి పాతికేళ్ల ముందు ఇంగ్లాండు నుంచి ఓడలో వచ్చిన కారు అది.

ఆఫీసరు గారు వెనక నిలబడి, "అదా? జూన్ నెలలో ఇక్కడ రెండు గదులు వేయాలి. పాత ఇనుము సాయిబుకి చెప్పేశాను, ముక్కలు చేసి పట్టుకెళ్లిపోతాడు" అన్నారు.

"ముక్కలా? సార్, ఇది నడుస్తాది. నాను నడిపిత్తాను!"

అదీ నేను జారిన మాట. వంటింటి గుమ్మంలోంచి డాక్టరమ్మ గారు విన్నారు. తెల్ల చీర, మందపాటి కళ్లద్దాలు. మెల్లగా వచ్చి నా చేతులు తిప్పి చూశారు, గోళ్లలో నలుపు దాకా.

"నిజంగా నడిపిస్తావా?"

"నడిపిత్తానమ్మా."

"అయితే జూన్ దాకా దీన్ని ఎవరూ ముట్టుకోకూడదు" అన్నారు మేనల్లుడి వైపు తిరిగి. ఆయన తల పట్టుకున్నారు. ఆయన్ను తప్పు పట్టకండి. ఆ గదులు ఆవిడ కోసమే. పాత ఇంటి కప్పు కారుతోంది. పైగా కారు నడిస్తే ఆవిడే తోలతానంటుందని ఆయన భయం. ఆ భయం నిజమేనని తర్వాత తేలింది.

రెండెడ్ల బండికి కట్టి కారుని గ్యారేజీకి లాక్కొచ్చాను. మేస్త్రి చుట్టూ ఒకసారి తిరిగి, బీడీ ఆర్పి, "ఏరా, దీన్ని బాగుసేత్తావా, దీనికి దినం సేత్తావా?" అన్నాడు. గ్యారేజీ పనివేళలయ్యాక చేసుకోమన్నాడు. అంతకుమించి అడ్డు చెప్పలేదు. వారం తిరక్కుండా తనే ఇంజను కింద దూరి పడుకున్నాడు. నేను చూడలేదనుకున్నాడు.

ఆ కారుకు ఊళ్లో పేరు ఉందని అప్పుడే తెలిసింది. దాన్ని రోడ్డు మీద నుంచి చూసిన ముసలీ ముతకా ఆగి, "ఓలమ్మ, కానుపు కారు!" అనేవారు. సబ్బవరం నుంచి భీమిలి దాకా ఏ ఇంట్లో నొప్పులొచ్చినా డాక్టరమ్మ ఆ కారు తోలుకుంటూ వెళ్లేదట. ఒకావిడ లోపలికొచ్చి బానెట్టు నిమిరి, కళ్లు తుడుచుకుని వెళ్లిపోయింది. అప్పటిదాకా నాకది ఒక అందమైన బొమ్మ. ఆ రోజు నుంచి భయం వేసింది. ఇది చెడితే ఇంతమంది మొహం చూడాలి.

విడిభాగాలు ఎక్కడా దొరకవు. ఆ కొలత టైర్లు దేశంలోనే లేవన్నారు. తగరపువలస సంతలో ఎడ్లబండికి వేసే గాలి టైర్లు చూసి కొలిస్తే అచ్చం సరిపోయాయి. "ఎద్దులెంత జోరుగా ఎల్తాయో అంతవరకే నా పూచీ" అన్నాడు షాపువాడు. కార్బొరేటరులో పెట్రోలు మట్టాన్ని చూసుకునే బెండు ఒకటి ఉంటుంది. అది పొడి అయిపోయింది. అలాంటి బెండు ఎక్కడ దొరుకుతుందా అని ఆలోచిస్తే వలలు తేలడానికి కట్టే బెండ్లు గుర్తొచ్చాయి. ఫిషింగ్ హార్బరుకు పరుగెత్తాను.

అక్కడ ఇసకలో సగం కట్టిన పెద్ద పడవ మీద ఒక వడ్రంగి కూర్చుని బాడిసెతో చెక్కుతున్నాడు. నాకన్నా పదేళ్లు పెద్ద. స్కేలు లేదు, పెన్సిలు లేదు. తాడుకు ముడులేసి కొలుస్తున్నాడు. బెండు ఎందుకని అడిగితే చెప్పాను. బాడిసె కింద పెట్టేశాడు.

"కానుపు కారా? ఆ కారు మా పేట ఇసకలో దిగబడిపోతే మా అయ్యోళ్లు ఎత్తి ఒడ్డునెట్టేరంట. ఆ పూట పుట్టింది నానే బావా!"

మర్నాడే బెండు పట్టుకుని గ్యారేజీకి వచ్చాడు. ఆ కాలం కార్లకు పైన రేకు ఉంటుంది గానీ లోపల ఎముకలన్నీ కర్రవే. మన కారుకి ఆ కర్రంతా చెదలు తినేశాయి. తలుపు పట్టుకుంటే పిడికెడు పొడి చేతిలోకి వచ్చింది. నాకు ఏడుపొచ్చింది. అతను మాత్రం వంగి లోపల చూసి నవ్వాడు.

"ఇందులో ఏటుంది బావా? తిరగేసి సూడు, పడవే గదా!"

అలా మా కారు పడవ అయ్యింది. పనిలేని మధ్యాహ్నాలు, ఆదివారాలు వచ్చి, పక్కటెముకలు వంచినట్టు ఒక్కో కర్రా వంచి బిగించాడు. మేకులు కొట్టేటప్పుడు ఏదో పాడుకునేవాడు. మేస్త్రీ అతనూ రోజూ పోట్లాడుకునేవారు. కారుకు బాగా ఎండిన చెక్క వేయాలని మేస్త్రి, మరీ ఎండింది వేస్తే నీళ్లలో పగిలిపోతుందని అతను. "నీళ్లలోకి ఎవుడు దించుతాడ్రా దీన్ని?" అని మేస్త్రి అరిచేవాడు. చివరికి వడ్రంగి మాటే నెగ్గింది, చెక్క తెచ్చింది అతనే కాబట్టి. పచ్చిదనం పూర్తిగా పోని పడవ చెక్క. ఆ పోట్లాటలో ఎవరి పక్షమూ చేరకుండా నేను పక్కన నిలబడి నవ్వాను. నా తప్పుల్లో అది మొదటిది.

మే నెలలో ఇంజను పలికింది. హ్యాండిలు తిప్పీ తిప్పీ నా భుజం పడిపోయిన రోజు, నల్లటి పొగ గ్యారేజీ నిండా కమ్మేసి, ఆ పొగలో దగ్గుతూ అది నిలబడింది. వడ్రంగి నన్నెత్తి గిరగిరా తిప్పాడు. మేస్త్రి అందరికీ టీలు చెప్పాడు. మా గ్యారేజీలో అదే మొదటిసారి. కబురు పెడితే డాక్టరమ్మ గారు రిక్షాలో వచ్చారు. కళ్లు మూసుకుని, బానెట్టు మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు విన్నారు.

"మూడో సిలిండరు సరిగ్గా మండట్లేదు నాయనా."

మేస్త్రి నా వైపు చూశాడు. నిజమే, మూడోదే.

ఇంతలో రోహిణి కార్తె ఎండలొచ్చాయి. ఆ ఎండకు పడవ చెక్క ఆరిపోయి, తలుపుల చుట్టూ వేలు దూరేంత సందులు తేలాయి. బండి కదిలితే నాలుగు తలుపులూ తాళాలు వాయించేవి. పైగా ఇంజను వేడెక్కి ఆగితే తోస్తేనే గానీ మళ్లీ స్టార్టయ్యేది కాదు. సరిగ్గా అలా నలుగురం తోసుకుంటూ వస్తున్నప్పుడే ఆఫీసరు గారు ఎదురయ్యారు.

"ఇదేనా నడవడం? అత్తని ఇందులో కూర్చోబెడితే తలుపూడి దారిలో పడిపోద్దయ్యా!"

ఆ సాయంత్రం మేనత్తా మేనల్లుడూ గ్యారేజీలోనే తేల్చుకున్నారు. మన ఊళ్లో కొత్త బండి కొంటే మొదట సింహాచలం కొండకు తీసుకెళ్లి అప్పన్న ముందు పూజ చేయిస్తాం కదా. "నాకిది ఇప్పుడు కొత్త బండే. కొండకు తీసుకెళ్తాను" అన్నారావిడ. "అయితే మాట అనుకుందాం. ఆదివారం నేనూ వస్తాను. తన కాళ్లతో తను కొండెక్కి పైకి చేరితే ఉంచుకో, నేనే గది కట్టిస్తాను దీనికి. ఎక్కడైనా సరే, ఒక్క మనిషి చెయ్యేసి తోసినా సోమవారం సాయిబు వచ్చి పట్టుకెళ్తాడు" అన్నారాయన. "సరే" అన్నారు డాక్టరమ్మ. నన్నొక్క మాట అడగలేదు.

మిగిలిన నాలుగు రోజుల్లో వడ్రంగి తలుపుల పని పట్టాడు. సందులున్న చోటల్లా సన్నటి చెక్క పట్టీలు వేశాడు. ఇంకా సందు మిగిలితే నూనెలో, గుగ్గిలంలో ముంచిన నూలు కూరి సుత్తితో కొట్టాడు. ఎలా కొట్టాలో అతనికి కొట్టినపిండి, పడవకు చేసేది అదే. పనయ్యాక తలుపు వేస్తే టప్ మని ఒక్క దెబ్బకు పడింది. చప్పుడు మాయం.

"సూసేవా బావా? నీరు తగల్నీ, ఇంకా బిగుసుకుపోతాది!"

అది విని నేనూ మేస్త్రీ కూడా తల ఊపాం. ముగ్గురం కలిపి అరవయ్యేళ్లు పని చేసినవాళ్లం. బిగుసుకుపోవడం పడవకు మంచిదే, మరి తలుపుకో? ఆ ఆలోచన ఒక్కరి బుర్రకీ తట్టలేదు.

శనివారం తొలి వాన పడింది. రాత్రంతా కురుస్తూనే ఉంది. కప్పిన టార్పాలిన్ చిరుగుల్లోంచి కారు తడిసి ముద్దయింది. ఆదివారం పొద్దున్నే డాక్టరమ్మ గారు ముందు సీట్లో నా పక్కన, ఆఫీసరు గారు వెనక సీట్లో కూర్చున్నారు. తలుపులు పడలేదు. వడ్రంగి భుజం ఆనించి ఒక్కొక్కటీ గుద్దీ గుద్దీ వేశాడు. "ఎంత గట్టిగా ఉన్నాయో సూడు!" అని మురిసిపోయాడు. నేనూ మురిసిపోయాను. ట్యాంకులో మూడు లీటర్లే పోశాను, బరువు తక్కువైతే సులువుగా ఎక్కుతుందని నా తెలివి. మేస్త్రీ, వడ్రంగీ కొండ బస్సులో మా వెనకే బయల్దేరారు.

వానలో ఆ ప్రయాణం ఎంత బాగుందో! మూడో సిలిండరు కూడా బుద్ధిగా మండుతోంది. దారిపొడవునా జనం ఆగి చూస్తున్నారు. టీ కొట్టుల్లోంచి చేతులూపుతున్నారు. డాక్టరమ్మ గారు ఏ వీధిలో ఎవరికి పురుడు పోశారో చెబుతున్నారు, కవలలు ఎక్కడ, కాళ్లు ముందొచ్చింది ఎక్కడ. ఆఫీసరు గారు కూడా నవ్వుతున్నారు, కాకపోతే గడియారం చూసుకుంటూ. కొండ కింద గేటు దాటాం. తడిసిన సంపెంగల వాసన. మొదటి మలుపు ఎక్కాం, రెండోది ఎక్కాం. నాకు పాట పాడాలనిపించింది.

మూడో మలుపు దాటాక నిటారు ఎత్తులో ఇంజను రెండుసార్లు తుమ్మి ఆగిపోయింది.

లోపలి స్టార్టరు మీట తొక్కాను. మళ్లీ. పలకలేదు. బ్రేకులు పూర్తిగా పట్టడం లేదు, బండి అంగుళం అంగుళం వెనక్కి జారుతోంది. చక్రాల కింద రాయి పెడదామని తలుపు తోశాను. రాలేదు. భుజంతో గుద్దాను. కదల్లేదు. అటు తలుపు, వెనక తలుపులు, ఒక్కటీ కదల్లేదు. కిటికీల్లోంచి తల తప్ప మనిషి దూరడు. దాదాపు యాభై ఏళ్ల కిందటి ఇంగ్లీషు రేకులో, మన హార్బరు చెక్కలో ముగ్గురం సీలు పడిపోయాం.

వెనకే వస్తున్న కొండ బస్సు ఆగింది. మనవాళ్ల సంగతి తెలిసిందే. ఘాటు రోడ్డు మీద ఆగిన బండి కనిపిస్తే తొయ్యకుండా ఊరుకోరు, అందులో అప్పన్న కొండ మీద. బస్సు బస్సంతా దిగింది. నలభై మంది, పంచెలు ఎగ్గట్టి, "తోసేయండ్రా! గోవిందా!" అంటూ పరుగెత్తుకొచ్చారు.

డాక్టరమ్మ గారు కిటికీ అద్దం దించి, తల బయట పెట్టి, పురిటి గదిలో అరిచినట్టు అరిచారు.

"ఎవరైనా చెయ్యేస్తే ఊరుకోను!"

అందరూ ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. జనంలోంచి ఒక ముసలమ్మ, "ఓలమ్మ, డాక్టరమ్మ గదేటి! నా కొడుకులిద్దర్నీ తీసింది ఈవిడే" అంది. చెయ్యి ఎందుకు వెయ్యకూడదని అందరూ అడిగారు. వెనక సీట్లో ఉన్న ఆఫీసరు గారే తలొంచుకుని కిటికీలోంచి ఆ పందెం చెప్పాల్సి వచ్చింది.

"ఏటి బాబూ, సదువుకున్నోడివి! ఇదేం పని?" అని ముసలమ్మ దులిపేసింది. కానీ మాట మాటే. నలభై మందీ పొరపాటున కూడా తగలకుండా చేతులు వెనక్కి కట్టుకుని వానలో నిలబడ్డారు. మా వడ్రంగి ముందుకొచ్చి, చేతులు వెనక్కే పెట్టుకుని, తలుపు అంచు చూశాడు. కదలని తలుపు చూసి అతని మొహం వెలిగిపోయింది. మేస్త్రి అతని నెత్తి మీద ఒక్కటిచ్చాడు.

"రాయి పెట్టొచ్చా బాబూ? రాయి పెడితే తోసినట్టవుతాదేటి?" అని మేస్త్రి ఆఫీసరు గారిని అడిగాడు. ఆయన ఆలోచించి, రాయి పెట్టొచ్చన్నారు. చక్రాల కింద రాళ్లు పడ్డాయి.

డాక్టరమ్మ గారు నా వైపు తిరిగారు.

"ట్యాంకులో ఎంత పోశావు?"

"మూడు లీటర్లమ్మా. బరువు తగ్గుద్దని..."

"పిచ్చి నాయనా! దీనికి పంపు లేదు కదా. ట్యాంకులోంచి ఇంజనులోకి దానంతట అదే కారాలి. ముక్కు ఇంత పైకెత్తి కొద్దిగా పోస్తే పెట్రోలు ఎలా వెళ్తుంది? ఏజెన్సీ ఘాట్లలో నేను ఎలా ఎక్కేదాన్ననుకున్నావు?"

"ఎలా ఎక్కేవోరమ్మా?"

"వెనక్కి. ట్యాంకు పైకి, ఇంజను కిందికి. లే, ఆ సీటు ఇలా ఇవ్వు."

వెనక సీట్లోంచి "అత్తా!" అని ఒక కేక వినిపించింది. ఆవిడ పట్టించుకోలేదు. తలుపులు రావు కాబట్టి దిగి మారే వీలు లేదు. డెబ్భై దాటిన ఆవిడ గేరు రాడ్డు మీదుగా ఇటు, నేను ఆవిడ మీద పడకుండా తల కప్పుకు కొట్టుకుంటూ అటు. చీర బ్రేకు పెడల్లో చిక్కుకుంటే ఆఫీసరు గారు వెనక నుంచి వంగి విడిపించారు. బయట నలభై మంది రెప్ప వెయ్యకుండా చూస్తున్నారు. ఆవిడ స్టీరింగు పట్టుకున్నారు. నేను సర్వీసు చేసిన ఇన్నేళ్లలో స్టీరింగు మీద అలా వాలిన చేతులు మళ్లీ చూడలేదు.

"రాళ్లు తియ్యండి! బస్సు పక్కకి!"

కారు వెనక్కి జారింది. మూడో మలుపు దగ్గర రోడ్డు కాస్త చదునుగా ఉంటుంది. సరిగ్గా అక్కడికి రాగానే ఆవిడ రివర్సు గేరులో క్లచ్చి వదిలారు. ఒక్క కుదుపు. ఇంజను గర్జించింది. జనం అరుపులతో కొండ మార్మోగింది. ఆ మలుపులోనే ముందుకీ వెనక్కీ నాలుగుసార్లు తిప్పి, వెనక భాగం ఎత్తు వైపు పెట్టారు. కిటికీలోంచి తల బయటికి పెట్టి వెనక్కి చూస్తూ, జడ విడిపోయి, కళ్లద్దాల మీద నీళ్లు కారుతూ, ఆవిడ పకపకా నవ్వుతూ కొండెక్కించారు. నేను మెకానిక్కును కాదు, డ్రైవర్నీ కాదు. ఊరకే పక్కన కూర్చున్న కుర్రవాణ్ణి. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి, సిగ్గుపడలేదు. మా ముందు, అంటే మా ముక్కు వైపు, బస్సు మనుషులు సగం మంది నడిచే వస్తున్నారు, చేతులు వెనక్కి కట్టుకునే.

పైకి చేరాం. ఎవరి చెయ్యీ పడలేదు.

పూజారి నిమ్మకాయలతో వచ్చి, ఏ చక్రాల కింద పెట్టాలో తెలియక నిలబడిపోయారు. "వెనక వాటి కింద పెట్టండి, ముందొచ్చినవి అవే" అన్నారు డాక్టరమ్మ. దిగలేని ముగ్గురికీ కిటికీల్లోంచే బొట్లు పెట్టారు, హారతి ఇచ్చారు. తర్వాత నా సంచిలోంచి స్క్రూడ్రైవరు అందిస్తే, మేస్త్రి తిట్లు వింటూ వడ్రంగి బందులు విప్పి తలుపు తలుపంతా ఊడదీసి పక్కన పెట్టాడు. లోపలికి చెయ్యి పెట్టి సీటు తడిమాడు.

"ఏటైనా అనండి. సుక్క నీరు నోపలికి ఎల్లిందా?"

వెళ్లలేదు. మేం అద్దం దించిన చోట తప్ప, రాత్రంతా కురిసిన వానలో లోపల చుక్క లేదు. మేస్త్రి ఇంక ఏమీ అనలేకపోయాడు. అతని దగ్గర అది మెచ్చుకోలే.

డాక్టరమ్మ గారు దిగి, నా తల మీద చెయ్యి పెట్టారు. ఆఫీసరు గారు చివర్న దిగి, కారు చుట్టూ ఒకసారి తిరిగారు, మొదటి రోజు మేస్త్రి తిరిగినట్టే. సఫారీ సూటు నలిగిపోయింది, జుట్టు చెదిరింది. ఆయన ఏమంటారోనని నేనూ వెనకే తిరిగాను. వెనక్కి ఎక్కడం లెక్కలోకి రాదంటే?

"అత్తా" అన్నారు గొంతు సవరించుకుని. "దిగేటప్పుడు నేను తోల్తాను."

"వచ్చా నీకు?"

"నేర్పు."

అక్కడ నవ్వని మనిషి లేడు.

అంత పని చేసి నేర్చుకున్నదేమిటి అని మీరడుగుతారు. చాలా ఉంది. పనిలో ఇద్దరు పెద్దవాళ్లు పోట్లాడుకుంటుంటే పక్కన నిలబడి నవ్వకూడదు, చెవి పెట్టి వినాలి. మేస్త్రి మాటా నిజమే, వడ్రంగి మాటా నిజమే, రెండూ కలిపి ఆలోచించాల్సింది నేను. ఇంకోటి, బండి గురించి అందరికన్నా బాగా తెలిసింది దాన్ని బాగుచేసినవాడికి కాదు, దానితో బతికినవాళ్లకి. ట్యాంకు నింపే ముందు ఆవిడను ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. అప్పుడు నా పొగరు అడ్డొచ్చింది. కానీ అడిగి ఉంటే ఆ కొండ మీద ఆవిడ నవ్వు చూసేవాణ్ణి కాదు. అందుకని ఆ తప్పుకు నేను ఈ రోజుకీ బాధపడలేదు.

సోమవారం పొద్దున్న సాయిబు నిజంగానే తోపుడు బండి, ఇద్దరు సమ్మెట మనుషులతో వచ్చాడు. అప్పుడు నేను డాక్టరమ్మ గారి పెరట్లోనే ఉన్నాను, తలుపుల అంచులు చిత్రిక పడుతున్న వడ్రంగికి సాయంగా. అంత దూరం వచ్చి ఉత్త చేతులతో వెళ్లనని సాయిబు గొడవ పెట్టుకున్నాడు. ఆఫీసరు గారు బ్యాంకుకు బయల్దేరుతూ ఒక్క నిమిషం ఆలోచించి, పాత షెడ్డుకున్న తుప్పు పట్టిన ఇనప గేటు చూపించారు.

"ఇది ఊడదీసి పట్టుకెళ్లు. మా అత్త రోజూ బండి బయటికి తీస్తుంది, ఇంక దీన్ని మూసే పని లేదు."